మలయా దేశపు చిల్లర అంగళ్లు

దూరదేశము చూచి వచ్చినవారు సాధారణముగా అచ్చటి ఎత్తయిన మేడలను గూర్చియు, విశాలమైన బాటలను గూర్చియు చెప్పుదురు. కౌలాలంపూరు నగరమున అట్టి వాటికి కొదువ లేదు. కాని విత్తనము, ఎరువు, నీరు అను వాటి లెక్కలను పొలముగట్టున నిలిచి రైతులకు చెప్పుటయే వృత్తిగా గల నాకు మేడలపై దృష్టి నిలువలేదు. అది చిల్లర అంగళ్లమీదను, అచ్చట చేతులు మారు నాణెములమీదను నిలిచినది. ఒక దేశపు జనుల నడవడి తెలియవలెనన్న వారి అంగడిలో అరగంట కూర్చుండిన చాలును. మా మేనల్లుడు ఉద్యోగము చేయుచున్న మలేషియా దేశమున, అనగా మన పెద్దలు మలయా అని పిలిచిన దేశమున, మూడు వారములుండి వచ్చితిని. అందు మన సంఘసభ్యులకు పనికివచ్చునని తోచిన విషయములను మాత్రమే ఇందు వ్రాయుచున్నాను.

నాణెముల సంగతి

అచ్చటి ద్రవ్యమునకు రింగిట్ అని పేరు. నూరు సెన్నులు ఒక రింగిట్. మలయా భాషలో రింగిట్ అనగా రంపపు పండ్లవంటి అంచు గలది అని అర్థము. పూర్వము ఆ తీరముల చెల్లుచుండిన స్పానిషు వెండి డాలర్ల అంచు అట్లుండుటచే ఆ పేరు కలిగెను. నాణెపు అంచును గీకి వెండి దొంగిలించువారు అన్ని దేశములందును ఉండిరి. అంచున పండ్లు వేసినయెడల గీకినచోటు కంటికి పట్టుబడును. మోసమును కనిపెట్టు గుర్తే ద్రవ్యమునకు పేరైనదని తెలిసినప్పుడు నాకు మిక్కిలి సంతోషమైనది. ఆ దేశపు డాలరునకు 1975 సంవత్సరమున రింగిట్ అను పేరు అధికారికముగా స్థిరపడినది. నేను వెళ్లినప్పుడు ఒక రింగిట్ మన ఇరువది రూపాయలకు కొంచెము అటునిటుగా నుండెను.

ఒక రింగిట్, అయిదు రింగిట్ల నోట్లు ప్లాస్టిక్కుతో చేయబడినవి. చేపలమ్మువారు తడిచేతితో పుచ్చుకొన్నను అవి నానవు. నోట్లమీద ఆ దేశపు మొదటి రాజుగారి చిత్తరువును, మన పెరటి మందారపువ్వును ఉన్నవి. ఒక రింగిట్ నాణెము కూడ ఉండెడిది గాని, దొంగ నాణెములు ప్రబలుటచే దానిని 2005లో రద్దుచేసిరి. ఇప్పుడు చిల్లరగా 5, 10, 20, 50 సెన్నుల నాణెములు చేతులు మారుచున్నవి.

నేను మొదటి దినమున ఒక చిన్న అంగడిలో ఉల్లిగడ్డలు, బిస్కత్తులు, ఒక సబ్బు కొంటిని. మొత్తము 12 రింగిట్ల 32 సెన్నులైనది. అంగడి చిన్నది 12 రింగిట్ల 30 సెన్నులే పుచ్చుకొని మిగిలినది నా చేతిలో పెట్టెను. మరునాడు 9 రింగిట్ల 43 సెన్నులైనది. ఆమె 45 సెన్నులు పుచ్చుకొనెను. నిన్న రెండు సెన్నులు విడిచినవారు నేడు రెండు సెన్నులు ఎక్కువ తీసికొనుట ఏమని అడిగితిని. ఆమె నవ్వి, రసీదుమీద ఒక వరుసను వ్రేలితో చూపెను. సవరించిన రెండు సెన్నులు ఆ వరుసలో ప్రత్యేకముగా అచ్చుపడి యున్నవి.

విషయమేమనగా, 2008 ఏప్రిల్ 1వ తేదీ మొదలు ఒక సెన్ను నాణెమును వాడుకనుండి తప్పించుటకై ఆ దేశమువారు ఒక నియమము ఏర్పరచిరి. రొక్కముగా చెల్లించునప్పుడు మొత్తము 1 లేక 2తో ముగిసిన యెడల ఆ సెన్నులు విడిచిపెట్టవలెను. 3 లేక 4తో ముగిసిన యెడల 5 చేయవలెను. 6, 7 సెన్నులు 5కు దిగును. 8, 9 సెన్నులు 10కి ఎక్కును. ఒక్కొక్క వస్తువుమీద గాక మొత్తముమీద ఒక్కసారి మాత్రమే ఇట్లు చేయవలెను. కొన్నవాడు ఒకనాడు రెండు సెన్నులు పోగొట్టుకొనును, ఇంకొకనాడు రెండు సెన్నులు సంపాదించును. నియమము అందరికిని ఒక్కటే గనుక ఎవరికిని కష్టము తోచదు.

మన అంగళ్లలో ఏమి జరుగుచున్నది? చిల్లర లేదని ఒక చాక్లెటునో, ఒక అగ్గిపెట్టెనో చేతిలో పెట్టుదురు. ఒక రూపాయకు తగవేమిటని మనము ఊరకుందుము. నేను అంగడివారిని నిందించుట లేదు; చిల్లర దొరకుట వారికిని కష్టమే. కాని లెక్క వేసి చూడుడు. ఇంటికి దినమునకు ఒక రూపాయ చొప్పున మూడువందల ఇండ్లుగల పల్లెలో సంవత్సరమునకు 1,09,500 రూపాయలగును. అంత సొమ్మునకు ఆ పల్లె చాక్లెట్లు తినినదన్నమాట. ఇప్పుడు మన దేశమున 2016లో వచ్చిన యూపీఐ వలన ఫోనుతో పైసలతో సహా చెల్లించు వీలు కలిగినది. అచ్చటను అట్టి పద్ధతియే డ్యూట్‌నౌ అను పేర వాడుకలో నున్నది. అయితే ఫోను లేని ముసలివారును, అంగడికి పంపబడు పిల్లలును నేటికిని రొక్కముతోనే వచ్చుచున్నారు. చాక్లెటు వారి చేతిలోనే పడుచున్నది.

ధర చెప్పు అంగడి

అంగడిని మలయా భాషలో కెడై అందురు. అది అరవవారి కడై అను మాటనుండి వచ్చినది. గిడ్డంగిని గుడాంగ్ అందురు. అది మన మాటకు చుట్టమని వినగానే తెలియును. పెట్టెను పెతి అందురు. డబ్బునకు వారు వాడు డ్యూట్ అను మాట మాత్రము ఒకప్పటి డచ్చివారి చిన్న రాగినాణెపు పేరు. ఓడలలో సరకులతోపాటు మాటలును దిగినవని దీనివలన తెలియుచున్నది.

పల్లెటూరి కెడై మన అంగడివలెనే యుండును. ముందర ఉల్లిగడ్డలు, వెల్లుల్లి, ఎండు చేపలు గంపలలో నుండును. లోపల బియ్యము, నూనె, పాలడబ్బాలు ఉండును. ప్రక్కనున్న కాఫీ అంగడిలో వేడి కాఫీని ప్లాస్టిక్కు సంచిలో పోసి, మూతిని దారముతో కట్టి, ఒక గొట్టము గ్రుచ్చి ఇత్తురు. కూలికి పోవువాడు దానిని వ్రేలికి తగిలించుకొని సాగిపోవును.

నేను విశేషముగా గమనించినది ధరచీటీ. వస్తువు ధరను కనబడునట్లు వ్రాసి యుంచవలెనని అచ్చట చట్టము కలదు. మనకువలె ప్రతి పొట్లముమీద గరిష్ఠ ధర అచ్చువేయుట వారికి లేదు. కావున ఒకే సబ్బు ఈ అంగడిలో ఒక ధరకును, వీధి చివర అంగడిలో ఇంకొక ధరకును ఉండును. కొనువారు రెండు చీటీలను చూచి తేల్చుకొందురు. మనకు పొట్లముమీద ధర అచ్చై యున్నది గాని, మనము దానిని చదువము. అంతకంటె చిత్రము, పురుగుమందు సీసాను అరువునకు తెచ్చుకొన్న రైతు ధర అడుగుటయే మానుకొనును. అరువిచ్చినవానిని ధర అడుగుట అమర్యాద అని మనము తలంచుచున్నాము.

వ్యవసాయ వస్తుక్రయ సంస్థ యని ఒకటి అచ్చట 1965లో ఏర్పడినది. దాని యాజమాన్యమున 1985 మొదలు రైతు సంతలు జరుగుచున్నవి. వాటిని పాసార్ తాని అందురు. పండించినవాడే ధరచీటీ పెట్టుకొని అమ్ముకొనును. మన రాష్ట్రమున 1999లో ప్రారంభమైన రైతు బజారులను చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. ధర వ్రాసి యుండుట అమ్మువానికిని బలమే యని ఆ సంతలో తెలిసికొంటిని. బేరమాడుటలో తగ్గవలసినది ఎప్పుడును బలహీనుడే గదా!

555 పుస్తకము

పెరాక్ నది సముద్రమున కలియుచోట బగాన్ దతు అను కొబ్బరితోటల సీమ యున్నది. ఆ తోటలలో పనికై మన తెలుగువారు తరములక్రిందట పోయి స్థిరపడిరి. వారిని చూడవలెనని అచ్చటికి పోతిని. ఒక తెలుగు వృద్ధురాలు నడుపుకొను చిన్న కెడైలో వర్షము వెలియువరకు కూర్చుంటిని. ఆమె తెలుగు విశాఖ, శ్రీకాకుళ సీమల యాస గలది. నడుమ నడుమ మలయా మాటలు పడుచుండెను. నేను నంద్యాల నుండి వచ్చితినని చెప్పగా అది ఏ సముద్రము దగ్గర అని అడిగెను. సముద్రము లేదు, నల్లరేగడి నేల యున్నదని చెప్పితిని.

ఆమె బల్లమీద అరచేతిలో ఇమిడెడి చిన్న పుస్తకములు దొంతరగా నుండెను. అట్టమీద 555 అను అంకె అచ్చువేసి యున్నది. మలేషియాలో ఈ పుస్తకము తెలియనివారు లేరు. అరువు పద్దులకు అది ప్రసిద్ధమైనది. ఇంతలో ఒక మనుష్యుడు వచ్చి పాలడబ్బాయు, కోడిగ్రుడ్లును తీసికొని తన జేబునుండి అట్టి పుస్తకమునే తీసి బల్లమీద పెట్టెను. ఆమె తన పుస్తకమునందును, అతని పుస్తకమునందును అదే అంకె వ్రాసి, రెండింటిని ప్రక్కప్రక్కన ఉంచి అతనికి చూపెను. అతడు తల యూపి వెడలిపోయెను.

ఆ యూరిలో అందరును ఇట్లే చేయుదురా యని అడిగితిని. అందరును చేయరనియు, తాను మాత్రము చేయుదుననియు చెప్పెను.

"పుస్తకము నాయొద్దనే యున్న యెడల అది నా మాట, నాయనా. ఆయన చేతిలోను ఒకటి యున్నప్పుడే అది ఇద్దరి మాట" అనెను.

ఆమెకు ఈ బుద్ధి ఊరక కలిగినది కాదు. ఆ దేశమున కూలీల ఒడంబడిక పద్ధతి 1910లో ముగిసినది. తరువాత కంగాణీ అనబడు మేస్త్రీలు ముందుగా అప్పిచ్చి మనుష్యులను తోటలకు తోడ్కొని పోవుచుండిరి. 1938లో భారత ప్రభుత్వము కూలీల వలసను నిలిపివేయువరకు ఇది సాగెను. చాల తోటలలో అప్పిచ్చువాడును, అంగడి నడుపువాడును ఆ కంగాణీయే. ఈమె తండ్రి అట్టి తోటలో పనిచేసినవాడు. బియ్యమును, చేపలును అరువునకు తెచ్చుకొనుటయు, జీతపు దినమున పద్దు చదువువాడు చెప్పిన మొత్తము మినహాయించుకొని మిగిలినది పుచ్చుకొనుటయు ఆయనకు తెలిసిన జమాఖర్చు. ఒక్కొక్క నెల మిగులునది ఏమియు ఉండదు. అక్షరము రాని ఆమె తల్లి తెచ్చిన ప్రతి బియ్యపు కొలతకు గోడమీద బొగ్గుతో ఒక గీత గీయుచుండెనట. ఒకసారి గీతలకును పద్దునకును నాలుగు కొలతలు తేడా వచ్చినది. తల్లి గోడను చూపి అడిగెను. రెండు కొలతలు తగ్గించిరి. "మిగిలిన రెండును వారు తినిరి గాని, మరుసటి నెల తేడా రాలేదు" అని వృద్ధురాలు నవ్వుచు చెప్పెను.

పిమ్మట ఆమె ఒక రేకుపెట్టె తెరచి పాత నోటు నొకదానిని చూపెను. దానిమీద అరటిచెట్టు బొమ్మ యున్నది. 1942 మొదలు 1945 వరకు ఆ దేశము జపానువారి చేతిలో నుండెను. అప్పుడు వారు అచ్చువేసిన పది డాలర్ల నోటు ఇది. జనులు దానిని అరటి డబ్బు అనిరి. కావలసినంత అచ్చువేసిరి, తుదకు వరుస సంఖ్యలు కూడ వేయుట మానిరి. ధరలు ఆకాశమునంటెను. 1945లో జపానువారు ఓడిపోగానే ఆ నోట్లు చిత్తుకాగితములయ్యెను. ఆమె తండ్రి ఎన్నో నెలలు కూడబెట్టినది ఒక్క దినమున పోయెను. మహానంది అరటితోటలు చూచిన నాకు ఆ నోటుమీది చెట్టును చూడగా మనస్సు కలుక్కుమనెను. మన చెట్టు గెల వేయును. ఆ చెట్టు వేయలేదు. వెనుక లెక్క లేని డబ్బు ఎంత యున్నను డబ్బు కాదు.

నేను అడుగని పద్దు

ఆ వర్షములో కూర్చుండి ఆమె మాటలు వినుచున్నంతసేపు నాకు మా తండ్రిగారు జ్ఞాపకము వచ్చుచుండిరి. నాకు పండ్రెండేండ్ల వయస్సున మా తండ్రిగారు వేరుశనగ విత్తనములును, ఎరువును ఒక అంగడిలో అరువునకు తెచ్చిరి. పంట రాగానే ఆ అంగడికే కొలిచి యిచ్చిరి. ఇంకను బాకీ యున్నదని అంగడివారు చెప్పిరి. మా తండ్రిగారు పద్దు చూపుమని అడుగలేదు. ఎద్దుల జతలో ఒకదానిని అమ్మి ఆ బాకీ తీర్చిరి. ఆ యేడు రెండవ ఎద్దును బదులు తెచ్చి దుక్కి సాగించితిమి.

అప్పటికి నేను మిషను పాఠశాలలో చదువుచుంటిని. వడ్డీ లెక్కలు వచ్చును. మా ఉపాధ్యాయులు ప్రతి శనివారమును ఇంటి జమాఖర్చు వ్రాయించుచుండిరి. ఆ దినమున అంగడిలో తండ్రిగారి ప్రక్కనే నిలిచియుంటిని. పద్దు పుస్తకము మూరెడు దూరమున తెరచియే యున్నది. ఒక్కసారి నాకు చూపుడని అడిగియుండవచ్చును. పెద్దలమధ్య పిల్లవాడు మాటాడరాదని ఊరకుంటిని. ఆ పద్దు సరియైనదే కావచ్చును. అంగడివారు న్యాయవంతులే కావచ్చును. నాకు తెలియదు. చదువు వచ్చియు తెలిసికొనకపోవుటయే నేటివరకు నన్ను బాధించుచున్నది.

మన నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో నేడును ఎరువు, మందు, విత్తనము అరువునకు తెచ్చి, పంటను అరువిచ్చినవారికే తూచి యిచ్చు రైతులు పెక్కుమంది కలరు. వారి ఇండ్లలో చదువుకొన్న బిడ్డలు లేకపోలేదు. పద్దు మాత్రము ఒక్క చేతిలోనే యున్నది.

పదేసి డాలర్లతో తోట

చిల్లర సొమ్ము లెక్కలో నిలిచినప్పుడు ఏమి కాగలదో ఆ దేశముననే ఒక దృష్టాంతము కలదు. 1957లో మలయాకు స్వాతంత్ర్యము వచ్చిన కాలమున ఇంగ్లీషు కంపెనీలలో కొన్ని తమ తోటలను అమ్మివేయ నారంభించినవి. కొన్నవారు వాటిని తునకలుచేసి తిరిగి అమ్మగా, తరములుగా పనిచేసిన కూలీలకు పనియు, తలదాచుకొను ఇల్లును పోవుచుండెను. అప్పటి మంత్రియు, మలయా భారతీయ కాంగ్రెసు అధ్యక్షులును అగు వి. టి. సంబంధన్ గారు 1960లో జాతీయ భూమి ద్రవ్య సహకార సంఘమును స్థాపించిరి. తోటతోటకు తిరిగి, పదేసి డాలర్లు వేయుడని కూలీలను కోరిరి. కూలివానికి పది డాలర్లు చిన్న మొత్తము కాదు. తోట ధర యెదుట అది లెక్కలోనికి రాదు. అట్టి మొత్తములు వేలకొలది చేరి తోటలనే కొన్నవి. ఏ తోటనుండి వెడలగొట్టబడుదుమో యని భయపడినవారు తోటలకు భాగస్వాములైరి. ఆ సంఘము నేటికిని నిలిచి యున్నది.

అరువు పద్దులో చేరిన పది డాలర్లును, వాటా పద్దులో చేరిన పది డాలర్లును ఒకే చేతినుండి వచ్చినవే. మొదటిది మనుష్యుని తోటకు కట్టివేసెను. రెండవది తోటను మనుష్యునికి ఇచ్చెను.

మనము చేయవలసినది

సోదర రైతులారా! అరువు వలదని చెప్పుట సులభము. తొలకరి వానలో చేతిలో రొక్కము లేనివానికి ఆ మాట కడుపు నింపదు. 1844లో ఇంగ్లండు దేశపు రాచ్‌డేల్ పట్టణమున ఇరువదెనిమిది మంది పనివారు అంగడి తెరచినప్పుడు, రొక్కమునకే అమ్మవలెననియు, తూకము సరిగా నుండవలెననియు నియమము పెట్టుకొనిరి. మనము అచ్చటికి ఒక్కసారి చేరలేము గాని, ఈ క్రింది పనులు ఈ పంటకాలముననే చేయవచ్చును.

మొదటిది, అరువు తెచ్చు ప్రతివాడు జేబులో ఒక చిన్న పుస్తకము ఉంచుకొనవలెను. తేది, వస్తువు, పరిమాణము, ధర వ్రాయించి, అంగడివాని పద్దుతో అక్కడనే సరిచూడవలెను. చదువురానివారు బిడ్డను వెంట తీసికొని పోవలెను. బిడ్డ అడిగినప్పుడు కసరరాదు.

రెండవది, రొక్కపు ధర యెంత, అరువు ధర యెంత అని రెండును అడుగవలెను. పదివేల రూపాయల సరకునకు అయిదు నెలల తరువాత పదునొకండు వేలు ఇచ్చితిమనుకొందము. వడ్డీ లేదని అంగడివాడు చెప్పవచ్చును. కాని పదివేలకు అయిదు నెలలలో వేయి రూపాయలనగా నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ, సాలుకు ఇరువదినాలుగు. 2025-26 సంవత్సరమునకు కేంద్ర ప్రభుత్వము కొనసాగించిన పద్ధతి ప్రకారము, మూడు లక్షల వరకు స్వల్పకాల పంట ఋణమును గడువులో చెల్లించువారికి సాలుకు నూటికి నాలుగు రూపాయలే వడ్డీ పడును. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచుకొనుడు.

మూడవది, పంట తూచి యిచ్చునాడు బాకీ లెక్కను, పంట లెక్కను వేరువేరుగా వ్రాయించుకొనవలెను. రెండును కలిపి చెప్పిన యెడల పంట ధర యెంతకు పోయినదో ఎన్నటికిని తెలియదు.

నాలుగవది, ఇంట మిగిలిన చిల్లరను మన సంఘమున పొదుపు ఖాతాలో వేయుచు, సంఘపు లెక్కలను కూడ సర్వసభ్య సమావేశమున అడిగి చూడవలెను. పరుల పద్దును అడుగువాడు తన సంఘపు పద్దును అడుగుటకు సంకోచింపరాదు. సంఘమువారును చూపుటకు సంకోచింపరాదు.

వర్షము వెలిసిన తరువాత నేను ఆ వృద్ధురాలియొద్ద కాఫీకి డబ్బిచ్చి సెలవు తీసికొంటిని. అయిదు సెన్నులు తిరిగి రావలసి యుండెను. ఉండనిమ్మంటిని. ఆమె ఒప్పుకొనక, పెట్టె అడుగున వెదకి తీసి నా చేతిలో పెట్టెను. ఆ నాణెమును నేను మార్చుకొనలేదు; 555 పుస్తకము నొకదానిని కూడ కొని తెచ్చితిని. మా తండ్రిగారికి చూపగా తిరుగవేసి చూచి, "ఆ యేడు ఇది యుండవలసినది" అనిరి. ఇప్పుడు అది వారి జేబులోనే యున్నది. మొదటి పుటలో పెట్రోలు మోటారు మరమ్మతునకు ఇచ్చిన నూటయేబది రూపాయలు వారి స్వహస్తముతో వ్రాసి యున్నవి.